సరోజన ఎండపొయ్యి

బెల్లంపల్లి బొగ్గుబాయిలో పొద్దటి షిఫ్టు ముగించుకుని ఇంటికొచ్చిన రాయమల్లుకు ఒళ్ళు మండింది. మహిళామండలి వాళ్ళు వాడి చూడమని ఇచ్చిన ఎండపొయ్యి వాకిట్లో తళతళలాడుతోంది. దాని అద్దపు రేకు నడుమ పెట్టిన గిన్నెలో కందిపప్పు కుతకుత ఉడుకుతోంది.

"ఇంటినిండ బొగ్గుండంగ ఎండల వండుతవా? బాయి మీద నలుగురు నవ్వరా?" అంటూ పొయ్యికి అడ్డంగా నిలబడి భార్య మీద కేకలేశాడు.

అరుపులు ఆగేసరికి పప్పు చప్పుడూ ఆగిపోయింది.

"చూసినవా, నీ సూర్యుని పని అయిపోయింది!" అని నవ్వాడు.

సరోజన గిన్నె మీద పడ్డ అతని నీడను చూపించింది.

"జర పక్కకు జరుగు. పెండ్లై పన్నెండేండ్లాయె, ఒక్కనాడు పొయ్యి ముట్టియ్యలే. ఇయ్యాల ఉత్తగ నిలబడే ఆర్పినవ్!"