లానైకి కట్టిన గోడ

నా బామ్మర్ది పాలకికో నా లానైకి గోడ కట్టాడు. అది తప్పు. ఇందులో తేల్చాల్సింది ఏమీ లేదు.

లానై అంటే ఇంటి ముందు వసారా. పైన కప్పు ఉండాలి, రోడ్డు వైపు ఏమీ ఉండకూడదు. హోటళ్ళవాళ్ళు పిచ్చుక గూడంత బాల్కనీకి కూడా ఈ పేరే తగిలించుకున్నారు. తగిలించుకోనీ. మా దీవిలో, మా పల్లె మిలోలీలో మాత్రం లానైలో కూర్చున్న మనిషికి దారిన పోయేవాళ్ళు కనబడాలి. కనబడగానే "రండి, తినండి" అని పిలవాలి. మా ఊళ్ళో విందుకి ముందుగా కబురు పంపరు. పిలుపు లానై మీంచే. మూసిన ఇంటివాళ్ళకి మనుషులు అక్కర్లేదని అనుకుని తలదించుకుని పోతారు.

నా భార్య లహాపా ముప్పై ఏళ్ళు అక్కడే కూర్చుని మొగలి ఆకులతో చాపలు అల్లింది. చేతులు ఆకుల మీద, కళ్ళు రోడ్డు మీద. ఉత్తరాలు తెచ్చేవాణ్ణి కూడా ఎండుచేప ముక్క పెట్టకుండా పంపలేదు. ఆమె పోయిన ఏడాదికి కన్నీళ్ళ విందు పెట్టాలి. ఆ రోజుతో ఏడుపు ముగించాలి. దానికి జనం రాకపోతే ఆమెను ఊరు మరిచిపోయినట్టే.

విందుకి పది రోజుల ముందు కంటి ఆపరేషన్‌కి హీలో పట్నం వెళ్ళాను. ఒక కంటికి కట్టుతో విందు రోజు పొద్దున్నే తిరిగొచ్చాను. లానై లేదు. దాని చోట ప్లైవుడ్ గోడ ఉంది.

పాలకికో పెరట్లో పంది కాల్చే గుంట దగ్గరనుంచి చేతులు దులుపుకుంటూ వచ్చాడు. వాడు వడ్రంగి.

"ఎలా ఉంది బావా? గాలి కూడా దూరదు."

"మనిషి ఎలా దూరతాడు?"

"పక్కన తలుపు పెట్టాగా."

"నాకు ఒంటికన్నుతో కనబడలేదు. రోడ్డున పోయేవాళ్ళకి రెండు కళ్ళున్నా కనబడదు."

"ఏం చేసినా నీకు నచ్చదు. మా అక్క నీతో ఎలా వేగిందో."

"నీతో వేగలేకే నన్ను చేసుకుందిరా."

అంతలో చర్చి నుంచి హెలేనా పిన్ని వచ్చింది. లహాపాకి చాప అల్లడం నేర్పింది ఆవిడే. మా ఇంటి ముందు ఆగింది. గోడను చూసింది. తలదించుకుని వెళ్ళిపోయింది. ఆవిడ వెనక వచ్చిన నలుగురూ అంతే.

నేను గునపం తెచ్చాను.

పాలకికో అడ్డం నిలబడ్డాడు. "రేపు నేనే తీస్తాను బావా. నీకు బరువులు ఎత్తకూడదని డాక్టరు చెప్పలేదూ?"

"రేపు విందు లేదు."

"ఒక్క మాట విను. అక్క చాప ఖాళీగా కనబడుతుంటే ఈ రోడ్డు మీద నడవలేకపోయాను. అందుకే మూశాను."

"నువ్వు చూడలేకపోతే నీ కళ్ళు మూసుకోవాలి. నా లానై కాదు. తప్పుకో."

తప్పుకున్నాడు. వాడి పనితనం మంచిదే, ఒక్కో మేకు పీకేసరికి నాకు ఒళ్ళంతా చెమట పట్టింది. మధ్యాహ్నానికి గోడ నేల మీద ఉంది. లహాపా చాప మీద కూర్చుని రోడ్డు వైపు చూశాను. పొద్దున వెళ్ళిపోయినావిడే మళ్ళీ అటు వస్తోంది.

"హెలేనా పిన్నీ, రండి, తినండి."

"ఇప్పటికి పిలిచావా? నువ్వు కూడా పోయావేమో అనుకున్నా," అంటూ ఆవిడ మెట్లెక్కింది. ఆ తరవాత ఊరంతా వచ్చింది. చెప్పులు మెట్ల దగ్గర మొదలై రోడ్డుదాకా పరుచుకున్నాయి. ఏడ్చారు, పాడారు, రెండోసారి వడ్డించమన్నారు.

పాలకికో రోడ్డు మీదే నిలబడ్డాడు. రోడ్డు మీద నిలబడ్డవాణ్ణి పిలవాలి. అది లహాపా పద్ధతి. పిలిచాను. పేరు పెట్టి కాదు, ఊరు తెలియని మనిషిని పిలిచినట్టు.

"రండి, తినండి."

వాడి మొహం పాలిపోయింది. వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు.

"బావా, ఇంకా కోపమేనా?"

చేమదుంప ముద్ద ఉన్న గిన్నె మూత తీసి ఉంటే తగువు మాట్లాడకూడదు. మా తాతల నాటి నియమం. గిన్నె వాడి ముందుకు జరిపాను. వాడు కడుపునిండా తిన్నాడు.

గిన్నెకి మూత పెట్టాక కూడా నేను గోడ మాట ఎత్తలేదు. ఆ సంగతి ఇక్కడ ఒక్కసారి రాశాను. ఇక ఎవరడిగినా, వాడే వచ్చి అడిగినా, మాట్లాడను.