వజ్రకరూరు నడుము

మా అత్తగారు కన్యకమ్మకు ముక్కోటి దేవతల మీదా నమ్మకముంది గానీ అద్దెకొచ్చే మనిషి మీద లేదు. చికున్‌గున్యా వచ్చిన ఏడాది ఆ అపనమ్మకం మరీ ముదిరింది. అనంతపురంలో ఏ వీధికి పోయినా గోడలు పట్టుకొని నడిచేవాళ్లే కనిపించేవాళ్లు. దోమ కాటుతో వచ్చే జ్వరమని మున్సిపాలిటీవాళ్లు ఆటోలో మైకు పెట్టి మొత్తుకున్నా, ముట్టుకుంటే అంటుతుందని జనం తీర్మానం చేసేసుకున్నారు. ఇంటి ఓనర్లు జ్వరమొచ్చిన వాళ్లను సామానుతో సహా బయట పెడుతున్నారు. మా అత్తగారు వాళ్లకంటే నాలుగాకులు ఎక్కువే చదివింది. మా పక్క వాటా ఖాళీగా ఉంటే, గేటుకు కట్టిన ‘ఇల్లు బాడుగకు ఇవ్వబడును’ అనే పలక మీద మా ఆయన అశోక్ చేత కింద ఇంకో వాక్యం రాయించింది: ‘జ్వరం వాళ్లు అడగరాదు.’

అంతటితో ఆగలేదు. ఇల్లు అడగడానికి వచ్చినవాళ్లకు వరండాలో చాప వేసి, మంచినీళ్లిచ్చి, కూర్చోమనేది. చూసేవాళ్లకు అది మర్యాద, నిజానికి పరీక్ష. లేచేటప్పుడు మోకాలు పట్టుకున్నారా, “వేరేవాళ్లకు మాటిచ్చేసినామప్పా” అనేది. చంటిబిడ్డతో వచ్చిన ఒకమ్మాయిని కూడా అలాగే తిప్పి పంపింది. ఆ పూట నాకు అన్నం సయించలేదు. పేదవాడి కోపం పెదవికి చేటంటారు, కోడలి కోపమూ అంతే. గిన్నెలు కాస్త గట్టిగా తోమి ఊరుకున్నాను.

తొలకరి పడిన మరునాడు ఎర్రన్న, అతని భార్య బయమ్మ వచ్చారు. వేరుశనగ ఏటేటా ఎండిపోతుంటే సేద్యం వదిలేసి ఊళ్లోకొచ్చి, బాడుగ ఆటో తోలుతున్నాడట. వాళ్ల సామాను తోపుడుబండి మీద మా గేటు బయటే ఉంది. అన్నం గిన్నె కడగకుండానే బండెక్కింది. గిన్నె కడుక్కునే తీరిక కూడా ఇవ్వకుండా ఎవరో వెళ్లగొట్టారని నాకర్థమైంది. పైన మబ్బు కమ్ముకొస్తోంది. ఎర్రన్న నడుము వంగిపోయి, చూపు నేల మీదే పెట్టి నడుస్తున్నాడు.

“ఏమప్పా, ఆ వంగుడేంది? జొరమా?” అంది అత్తగారు, చాప కూడా వేయకుండా.

ఎర్రన్న నోరు తెరిచాడు. అతనిది అబద్ధం చెప్పే ముఖం కాదు. బయమ్మ ముందే అందుకుంది.

“మాది వజ్రకరూరు మా.”

అంతకుమించి ఒక్క ముక్క ఆమె అనలేదని ఏ గుళ్లోనైనా ప్రమాణం చేస్తాను. మిగతాదంతా మా అత్తగారే అనుకుంది. తొలకరి పడగానే వజ్రకరూరు చేలల్లో జనం నడుములు వంచి వజ్రాలు వెతకడం మా జిల్లాలో తెలియనిదెవరికి? అత్తగారి పుట్టింటివాళ్లు గుత్తిలో వ్యాపారస్తులు. పూర్వం వాళ్లు అలా వెతికేవాళ్లకు వానాకాలమంతా బియ్యం, పప్పుబేడలు ఇచ్చేవారట. రాయి దొరికితే మొదట వాళ్లకే చూపించాలి, తిండి పెట్టినవాళ్లదే తొలిచూపు. ఆ తొలిచూపులో వాళ్ల తాతకు ఒక్క రాయీ చిక్కలేదు గానీ, ఆశ మాత్రం మనవరాలిదాకా చెక్కుచెదరకుండా వచ్చింది.

“ఎప్పటినించి ఆడ ఉండారప్పా మీరు?” అని అడిగింది. గొంతులో తేనె కారుతోంది.

“మా తాత కాలం నించీ ఆడనే మా,” అన్నాడు ఎర్రన్న నేలకేసి చూస్తూ. అదీ అబద్ధం కాదు.

చాప లేదు, పరీక్ష లేదు. “అడ్వాన్సు సంగతి తర్వాత చూద్దాంలే. రాయి దొరికితే మాత్రం ముందు నాకే చూపియ్యాల” అని తాళంచెవి ఇచ్చింది. ఆ చేత్తోనే బియ్యం, కందిబేడలు సంచిలో పోయించి, నూనె డబ్బా కూడా పెట్టించింది. సొంత కోడలికి నూనె కొలిచి పోసే మనిషి!

నాకు మాత్రం అప్పుడే తెలిసిపోయింది. గడప దాటేటప్పుడు ఎర్రన్న ద్వారబంధం పట్టుకొని పళ్లు బిగించడం చూశాను. నేను చూడడం బయమ్మ చూసింది. ఎక్కడ చెప్పేస్తానోనని ఆమె కళ్లల్లో భయం. లోపలికి పోయి, పాలు పొంగించుకోమని పాలగిన్నె తెచ్చి ఆమె చేతిలో పెట్టాను. అత్తగారి మీద కసి కొంత, ఆ కడగని అన్నం గిన్నె మీద జాలి కొంత, రెండూ కలిసి నా నోరు కుట్టేశాయి.

ఎర్రన్న పొద్దున బయటికి పోయేది వజ్రకరూరు చేలకేనని అత్తగారి లెక్క. అది మొదలు సాయంత్రమైతే ప్రహరీ మీదుగా తొంగిచూసేది.

“దొరికిందా ఎర్రన్నా?”

“లేదు మా.”

“దొరుకుతాదిలే. ఇంగొంచెం వంగి చూడు.”

ఇంకొంచెం వంగితే మనిషి మళ్లీ లేవడని నాకూ బయమ్మకూ తెలుసు. వంటింట్లో దూరి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వేవాళ్లం. నవ్వి నవ్వి బయమ్మ కళ్లు తుడుచుకునేది. “తెలిసిన పొద్దు మమ్మల్ని వానలోనే నిలబెడుతుంది గదక్కా. ఇంగ యాడికని పోయేది?” అనేది.

ఎర్రన్న నడుము నిలబడే వేళకు మా అత్తగారి నడుము వంగింది.

ఒక పొద్దున గేటు ముందు ముగ్గు వేయడానికి వంగిన మనిషి మళ్లీ లేవలేదు. ముగ్గు సగం నేల మీద, సగం చేతిలో. ముఖం సరిగ్గా, వాటా నిండినా ఇంకా విప్పని గేటు పలకకు ఎదురుగా ఉంది. నేను పోయేలోపలే ఎదురింటి ఇంద్రాణి చూసేసింది.

“ఏమక్కా, అట్లే వంగుకోనుండావు? ఏమన్నా పడిపోయిందా?”

జ్వరమంటే పరువు పోతుంది.

“రాయి,” అంది అత్తగారు.

“ఏం రాయి?”

“మా ఎర్రన్న తెచ్చిన రాయి.”

ఇంకేముంది? ఇంద్రాణి చీపురు పారేసి వచ్చి వంగింది. వంగేటప్పుడు “అమ్మా” అని మూలగడం నా చెవిన పడింది. పాలు పోసే లక్ష్మన్న క్యాను దించి వంగాడు. కాసేపటికి వీధి వీధంతా వచ్చింది. జ్వరాన్ని దాచుకొని తలుపులేసుకున్న వాళ్లందరికీ నడుము వంచి నడవడానికి ఇంత గౌరవమైన సాకు దొరికింది. సంతోషంగా మూలుగుతూ వెతికారు. ఎవరిది ఆశో, ఎవరిది నొప్పో నేను పోల్చుకోలేకపోయాను.

ఆ గొడవకు ఎర్రన్న బయటికొచ్చాడు. వీధి మొత్తానికి నిటారుగా నిలబడ్డ మగవాడు అతనొక్కడే. బయమ్మ వెనక నుంచి చొక్కా పట్టి లాగింది. అతను ఆగలేదు.

“అమ్మా, ఈడ రాయి లేదు. నేను యా పొద్దూ రాళ్లు ఎదకలేదు. నాకొచ్చింది జొరమే. మీ తిండి తిని దాచిపెట్టినాను. పొమ్మంటే పోతాము. ఆ నొప్పి ఎట్లుంటాదో నాకు తెలుసు, ఇంగ ఎవరూ వంగొద్దండి.”

వంగినవాళ్లు వంగినట్టే ఉండిపోయారు. బయమ్మ పైకి, మబ్బు కేసి చూసింది. అప్పుడే నోరు విప్పి, ‘నాకూ తెలుసత్తా, పంపితే నన్నూ పంపు’ అందామనుకున్నాను. బదులుగా పోయి అత్తగారి చేతిలో మిగిలిన ముగ్గు తీసుకున్నాను.

ఎర్రన్న ముఖం చూడాలంటే అత్తగారు తలెత్తాలి. తల లేవడం లేదు. ఆమె చూపుకు అందేది ఆ పలక ఒక్కటే. తను రాయించిందే అయినా ఎవరో కొత్తవాళ్లు రాసినట్టు దాన్ని చాలాసేపు చదివింది.

“అశోకా,” అని పిలిచింది చివరికి. “ఈ పలక పెరికెయ్యి నాయనా. దీని ప్రకారం నేను గూడా ఈ ఇంట్లో ఉండేదానికి లేదు.”

లోపలి నుంచి వచ్చి అశోక్ పలక విప్పుతుండగా బయమ్మ వచ్చి అత్తగారి నడుం కింద చెయ్యి వేసింది. “మోకాలు మడవద్దు మా. నా మెడ పట్టుకో,” అంది. జ్వరం వాళ్ల నీడ పడినా కళ్లాపి చల్లించే మా అత్తగారు రెండు చేతులతో ఆ మెడ గట్టిగా పట్టుకుంది.

వరండా మెట్లెక్కుతూ, మూలుగుల మధ్యలోనే, బయమ్మ చెవిలో గట్టిగానే అంది:

“ఏమైనాగానీ, ఎప్పుడన్నా నిజంగా రాయి దొరికితే తొలిచూపు నాదే.”