తాళాలు రెండూ ఉన్నాయి

"పోతే పోయిందిలే యదీరా. బండే కదా పోయింది, నువ్వు పోలేదుగా" అన్నాడు ఎలీసెర్, నా తల నిమురుతూ. మా ఇన్నేళ్ల కాపురంలో నా భర్త నా తల నిమిరిన సందర్భాలు చాలా తక్కువ. అందుకే ఆ చేతి బరువు నాకింకా గుర్తుంది. ఆ సాయంత్రం నేను పక్కవీధి ముసలాయన ఆత్మశాంతి ప్రార్థనకి వెళ్లాను. తిరిగొచ్చేసరికి పెరటి తలుపు బార్లా తెరిచి ఉంది. గొలుసు రెండు ముక్కలై నేలమీద పడి ఉంది. బండి నిలబెట్టే చోట నూనె మరక ఒక్కటే మిగిలింది. నేను ఆ మరక పక్కనే కూలబడి చిన్నపిల్లలా ఏడ్చాను. తాళంచెవి ఇంకా నా పిడికిట్లోనే ఉంది. "దాన్ని చూసుకుంటూ ఎంతసేపని ఏడుస్తావు, ఇలా ఇవ్వు, లోపల పెడతాను" అని అతనే నా వేళ్లు ఒక్కొక్కటిగా విప్పి తీసుకున్నాడు. పోలీస్ స్టేషన్‌కి కూడా అతనే వెళ్లొచ్చాడు. కాగితాలు తన పేరు మీద ఉన్నాయి కాబట్టి తనే వెళ్లాలన్నాడు. నిజమే కదా అనుకున్నాను.

కాగితాలు అతని పేరు మీద ఎందుకున్నాయంటే, షాపువాడు జీతం స్లిప్పు అడిగాడు. వీధి చివర మూకుడు పెట్టుకుని ఎంపనాదాలు, అంటే కూర పెట్టిన కజ్జికాయలు, వేయించి అమ్మే మనిషికి జీతం స్లిప్పు ఎవరిస్తారు? ఎలీసెర్ పశువుల దాణా కొట్లో పనిచేస్తాడు, అతనికి స్లిప్పు ఉంది. "పేరుదేముందే, మనిద్దరం వేరా?" అన్నాడు. వేయించిందీ, కూడబెట్టిందీ, మోచేతుల దాకా నూనె బొబ్బలు కట్టించుకున్నదీ నేను. సంతకం పెట్టింది అతను. ఆ రోజు నుంచీ నలుగురిలో ఆ బండి "నా బండి" అయింది, అంటే అతనిది. నేను నడుపుతున్నా సరే, "నా బండి మా ఆవిడ తిప్పుతోంది" అనేవాడు.

నేను దాన్ని బైకు టాక్సీగా తిప్పేదాన్ని. మా మొంతెరియా ఊళ్లో ఆ పని చేసే మగాళ్లు వీధికి పదిమంది దొరుకుతారు, ఆడవాళ్లు వేళ్ల మీద లెక్క. రాత్రి డ్యూటీ దిగే నర్సులు, స్కూలు టీచర్లు, బజారుకి వెళ్లే ముసలమ్మలు నన్ను ఫోన్ చేసి పిలిచేవారు. ఇదాలిదెస్ అని ఒక టీచరమ్మ ఉండేది, చిన్నప్పుడు జ్వరమొచ్చి ఆమె ఎడమకాలు పొట్టిగా ఉండిపోయింది. వెనక కూర్చుంటే ఆ కాలు ఫుట్‌రెస్ట్‌కి అందక గాల్లో వేలాడేది. వెల్డింగు షాపులో చెప్పి ఎడమవైపు కాస్త పైకి రెండో ఫుట్‌రెస్ట్ పెట్టించాను. మొదటిసారి కాలు దానిమీద ఆనగానే ఆవిడ నా భుజం గట్టిగా నొక్కింది. సినూ నది పక్క రోడ్డు మీద పొద్దున్నే వెళ్తుంటే నీళ్ల వాసనతో గాలి మొహానికి తగిలేది. ఆ కాసేపూ నేను ఎవరి పెళ్లాన్నీ కాదు, ఎవరి కోడల్నీ కాదు. ఆ సుఖం ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెబితే దానికీ వంకపెడతారని.

వంకలకేం తక్కువ లేదు. "ఊళ్లో వాళ్లందరూ నీ నడుం పట్టుకుని కూర్చోవడమేంటే?" అనేది మా అత్త బెత్సాబే. నా నడుం పట్టుకునేది ముసలమ్మలేనని ఆవిడకీ తెలుసు. "చల్లారిపోయిన కూడు తినడానికా పెళ్లి చేసుకుంది?" అనేవాడు ఎలీసెర్, తెల్లవారుజామున నేను వండి మూతపెట్టి వెళ్లిన గిన్నె వైపు చూస్తూ. దాన్ని పొయ్యిమీద పెట్టి వేడి చేసుకోవడం అతని చేతులకి రాదు. దాణా బస్తాలు ఎత్తడం మాత్రం వచ్చు.

బండి పోయాక అన్నం వేడిగా ఉంటోంది. పొద్దున బట్టలు, మా పిల్లదాన్ని బడికి పంపడం, పదింటికి అత్తింటికెళ్లి ఆవిడ కాళ్లకి మందు రాయడం, మధ్యాహ్నానికి మళ్లీ వంట. ఒకసారి అత్త నా చేతిలో ఒక కొవ్వొత్తి పెట్టి "సంత్ ఆంతోనియో ముందు వెలిగించు తల్లీ, పోయిన వస్తువులన్నీ ఆయనే తెచ్చిస్తాడు" అంది. "తల్లీ" అన్నందుకు కళ్లు తడిశాయి. వెలిగించాను కూడా.

ఆంతోనియోని నమ్ముకుని కూర్చోకుండా నేను ఇంకో పని కూడా చేశాను. ఒమైరా అక్క గ్రూపులో చేరాను. ఆవిడది పెద్ద గొంతు, పెద్ద మనసు. తన బండి పోగొట్టుకుని, ఇంటర్నెట్లో అమ్మకానికి పెట్టిన ఫోటోలో దాన్ని గుర్తుపట్టి, పోలీసుల్ని వెంటబెట్టుకెళ్లి తెచ్చుకుంది. అప్పటి నుంచీ ఊళ్లో బండ్లు నడిపే ఆడవాళ్లందరం పోయిన బండ్ల గుర్తులు ఒకచోట పెట్టుకుని, రోజూ ప్రకటనలు వెతుకుతాం. "రోజంతా ఆ ఫోన్లో ఏం చూస్తావే?" అంటాడు ఎలీసెర్. "వంటలు" అంటాను. వంటలంటే ఇక అడగడు.

దొంగబండి ప్రకటన చూడగానే తెలిసిపోతుంది, అలవాటైతే. ధర మరీ తక్కువ ఉంటుంది. నంబరు ప్లేటు మీద చెయ్యి అడ్డంగా ఉంటుంది, లేదా ఫోటోలో వెనకభాగమే ఉండదు. కాగితాలు "రావాల్సి ఉంది" అంటాడు. తాళం ఒక్కటే ఉంటుంది, అదీ కొత్తగా చేయించింది. రెండో తాళం ఏదంటే పోయిందంటాడు. దొంగ దగ్గర రెండో తాళం ఎందుకుంటుంది, అది అసలు మనిషి ఇంట్లో కదా ఉంటుంది. అలాంటిది కనబడితే కొనేవాళ్లలా మాట కలుపుతాం. ఆడపేరుతో అడిగితే "పెళ్లయిందా?" అన్న జవాబే వస్తుంది కాబట్టి గ్రూపుకి ఒక దొంగ మొగుడున్నాడు, విల్మర్ అని. ఆ పేరుతో ఒక ఖాతా, టోపీ పెట్టుకున్న ఎవడిదో ఫోటో. అందరం వంతులవారీగా విల్మర్ అవుతాం. దొంగ దొరికాక ఆ బండి మీద నమోదైన ఫిర్యాదు నంబరు పోలీసులకివ్వాలి. అది లేకపోతే వాళ్లు కుర్చీలోంచి లేవరు.

"నీ ఫిర్యాదు నంబరు ఏదమ్మా?" అని ఒమైరా అక్క నన్ను చాలాసార్లు అడిగింది. నేను ఎలీసెర్‌ని అడిగితే "ఎక్కడో పెట్టాను, వెతికిస్తాలే" అనేవాడు. నలుగురి బండ్లు నేను పట్టించాను. నాది మాత్రం కనబడలేదు.

ఆ ఆదివారం మధ్యాహ్నం కొబ్బరిపాలు పోసి చేపల పులుసు చేశాను, పక్కన ఉడికించిన కర్రపెండలం. ఎలీసెర్ రెండుసార్లు వడ్డించమని అడిగి తిని, ముందు గదిలో ఊయలెక్కాడు. నేను పెరట్లో తొట్టి దగ్గర గిన్నెలు నానబెట్టి, తడి చేత్తోనే ఫోను తెరిచాను. నల్లరంగు బండి ఒకటి కనిపించింది. ధర సరిగ్గా ఉంది. "కాగితాలు యజమాని పేరు మీదే ఉన్నాయి, అదే రోజు మార్పిస్తాను. తాళాలు రెండూ ఉన్నాయి." ఇంత శుభ్రమైన ప్రకటన నేను ఈమధ్య చూడలేదు. మంచిదే, ఎవరో నిజాయితీపరుడు అనుకుని వేలితో పైకి తోసేశాను. తోసేశాక ఏదో గుచ్చుకున్నట్టయి మళ్లీ కిందికి లాగాను. ఎడమవైపు కాస్త పైకి, ఇంకో ఫుట్‌రెస్ట్.

నా బండి! ఎర్రరంగు పోయి నల్లరంగొచ్చినా నా బండే. ఒక్క క్షణం పొంగిపోయాను, అరవబోయాను కూడా, "ఎలీసెర్, దొరికింది!" అని. నోరు తెరిచాక ప్రకటన మళ్లీ కళ్లముందు కదిలింది. తాళాలు రెండూ ఉన్నాయి. కాగితాలు ఉన్నాయి.

చేతులు తుడుచుకుని లోపలికెళ్లాను. పడగ్గది అలమరలో మా పెళ్లి కాగితాలూ, పిల్లదాని జనన పత్రం ఉండే రేకు డబ్బా తీశాను. బండి కాగితం లేదు. నా పిడికిట్లోంచి అతను తీసుకున్న తాళం లేదు, దాని జత కూడా లేదు. రంగు మార్చాలని తోచింది గానీ ఆ ఫుట్‌రెస్ట్ తీసేయాలని అతనికి తోచలేదు. అదెందుకుందో ఏనాడూ అడగలేదు కనక.

మళ్లీ తొట్టి దగ్గరికొచ్చి విల్మర్ ఖాతా తెరిచాను. ఆ కాగితం, తాళాలు ఎవరైనా అతని దగ్గర కొట్టేసి ఉండొచ్చు, నేను పాపిష్టిదాన్నేమో, అనవసరంగా అనుమానిస్తున్నానేమో అని చివరిసారి బతిమాలుకున్నాను నన్ను నేనే.

"అన్నా, నల్లబండి ఇంకా ఉందా?" అని పంపాను.

ముందు గదిలో, ఊయల్లో, ఫోను టింగుమంది.

"ఉంది తమ్ముడూ. బండి బంగారం."

"ఎందుకమ్ముతున్నావన్నా?"

మళ్లీ టింగు. ఊయల తాడు కిర్రుమంది.

"మా ఆవిడది. ఇప్పుడు నడపట్లేదు."

మా ఆవిడది. ఆ బండి నాదని అతను ఒప్పుకోవడం అదే మొదటిసారి, అదీ ముక్కూ మొహం తెలియని మగవాడి దగ్గర.

"అయ్యో, ఏమైందన్నా ఆవిడకి?"

"ఏం కాలేదు. ఊరంతా తిరుగుడెక్కువైంది. నేనే ఆపించా."

"ఒప్పుకుందా మరి?"

"తనకి తెలిస్తే కదా! దొంగలెత్తుకుపోయారనుకుంటోంది. నువ్వెక్కడా అనకు. గొడవపడి ఆపితే ఏడాదంతా మొహం మాడ్చుకునేది. ఇలాగైతే ఓ వారం ఏడ్చి ఊరుకుంది. నేనే దగ్గర కూర్చుని ఓదార్చా పాపం. ఇప్పుడు దారిలోకొచ్చింది. పూటకి వేడన్నం దొరుకుతోంది తమ్ముడూ."

మా ఆయన నాతో ఇంత మనసు విప్పి ఎప్పుడూ మాట్లాడలేదు. విల్మర్ అదృష్టవంతుడు.

నాకు కోపం రావాలి. రాలేదు. నన్ను చంపింది బండి కాదు, ఆ వారం. ఆ వారమంతా అతను త్వరగా ఇంటికొచ్చాడు. నాకు కాఫీ పెట్టి తెచ్చాడు, చక్కెర ఎక్కువేసి. నేను నిద్రలో ఉలిక్కిపడితే దగ్గరికి తీసుకున్నాడు. ఇన్నాళ్లూ నేనే ఇతన్ని సరిగ్గా అర్థం చేసుకోలేదని, పోతే పోయింది బండి, దానివల్ల నా మనిషి నాకు దొరికాడని అనుకున్నాను. ఆ వారం నేను నా భర్తని మళ్లీ ప్రేమించాను. సిగ్గుతో చెబుతున్నాను, పెళ్లైన కొత్తలోకన్నా ఎక్కువ ప్రేమించాను. అదంతా అతని లెక్కలో నన్ను దారిలోకి తెచ్చుకునే ఖర్చు.

"బండి ఎక్కడుందన్నా?"

"మా అమ్మ వాళ్లింట్లో, వెనకగదిలో. రా, చూపిస్తా."

పదింటికి ఆవిడ కాళ్లకి నేను మందు రాస్తుంటే గోడకి అవతల నా బండి ఉందన్నమాట. ఇంటికొచ్చి ఆవిడిచ్చిన కొవ్వొత్తి వెలిగించేదాన్ని.

అలవాటు ప్రకారం అన్నీ స్క్రీన్‌షాట్లు తీసి ఒమైరా అక్కకి పంపాను. ఆవిడ వెంటనే ఫోన్ చేసింది. గొంతు తగ్గించి మాట్లాడటం ఆవిడకి చేతకాదు, ఆ రోజు తగ్గించింది.

"యదీరా... ఇది మీ ఆయనేనా?"

"ఆఁ."

"ఫిర్యాదు ఇవ్వనే లేదన్నమాట. ఇప్పుడు మనమిచ్చినా లాభం లేదమ్మా. కాగితం అతని పేరు మీదుంది. తన బండి తనమ్ముకుంటున్నాడంటారు. పోలీసులు నవ్వి పంపేస్తారు."

"తెలుసక్కా. అయినా గ్రూపులో పెట్టు."

"ఏమని పెట్టనే?"

"ఎప్పుడూ పెట్టేట్టే. రంగు, గుర్తు, ఎక్కడ దాచారు, దొంగ పేరు."

"ఊరంతా చూస్తుంది. తర్వాత మళ్లీ మూయలేం. ఆ ఇంట్లో ఉండగలవా?"

"ఉండనక్కా. పిల్లదాన్ని తీసుకుని మీ ఇంటికొస్తాను, కొన్నాళ్లు."

"రా. పక్క వేసి ఉంచుతాను" అంది, ఇంకేమీ అడగకుండా.

నిమిషంలో గ్రూపులో ప్రకటన వచ్చింది. ఇదాలిదెస్ టీచరమ్మ ఎత్తు ఫుట్‌రెస్ట్ ఉన్న బండి. రంగు మార్చారు. దాచింది బెత్సాబే ఇంట్లో. ఎత్తుకుపోయింది ఎలీసెర్, యజమానురాలి భర్త. ఎవరూ కొనకండి. యజమానురాలి అన్న మాట దగ్గర నా కళ్లు ఆగిపోయాయి. ఏ కాగితంలోనూ నన్ను అలా రాయలేదు. ఏడుపొచ్చింది, ఏడవలేదు. నా ఏడుపుకి ఎంత కాలం పడుతుందో తెలిసిన మనిషి ఆ ఇంట్లో ఉన్నాడు.

ఫోను మళ్లీ వెలిగింది. "తమ్ముడూ, వస్తున్నావా లేదా? బండి చూడ్డానికి ఇంకొకరు కూడా అడుగుతున్నారు."

గిన్నెలు సబ్బునీళ్లలోనే వదిలేశాను. చేతులు తుడుచుకుని ముందు గదిలోకి నడిచాను. ఎలీసెర్ ఊయల్లో వెల్లకిలా పడుకుని, ఫోను మొహానికి దగ్గరగా పెట్టుకుని, జవాబు కోసం చూస్తూ నవ్వుకుంటున్నాడు. నా నీడ పడినా తలెత్తలేదు.

"కాఫీయా?" అన్నాడు.

"కాదన్నా. విల్మర్‌ని. బండి చూడ్డానికొచ్చాను" అన్నాను.