రంగుల కూర మడి

"నీ రంగుల కూర ఎలా ఉంది?" అని మా ఆయన పొద్దున్నే అడిగారంటే ఎవరో ఇంటికొస్తున్నారని అర్థం. నా బాగోగులు అడగని మనిషి ఆకుకూర బాగోగులు అడగడం మొదట్లో వింతగా ఉండేది. ఆ శనివారం నేను పాలు పొయ్యి మీద పెట్టి, అత్తయ్య మందులు గిన్నెలో వేస్తున్నాను. బానే ఉందండీ అన్నాను. "రేపు మేనేజరు గారు, వాళ్ళావిడ, ఇంకో రెండు జంటలు భోజనానికి వస్తున్నారు. సింపుల్‌గా కానిచ్చెయ్, శ్రమ పడకు" అన్నారు. శ్రమ పడకు అన్న మాట ఆయన నోట వచ్చిందంటే నా నడుం విరగడం ఖాయం.

విత్తనాల పొట్లం మీద స్విస్ చార్డ్ అని ఉంటుంది. రంగుల కూర అని పేరు పెట్టింది నేను. బీట్‌రూట్‌కి దగ్గర చుట్టమే గాని దుంప ఊరదు, ఆకుని పాలకూరలా వండుకోవచ్చు. అందమంతా కాడల్లో ఉంటుంది. ఎరుపు, పసుపు, గులాబీ, నారింజ, ఏ విత్తనం ఏ రంగో మొలిచేదాకా తెలియదు. ఆ పొట్లం కొన్న రోజు నాకు బాగా గుర్తు. మా ఆఫీసులో నా దగ్గర పని నేర్చుకుని నా మీద ఆఫీసరైన అతను, మీటింగు అయ్యాక "మేడమ్, ఆ కప్పులు కాస్త చూస్తారా" అన్నాడు. చూశాను, కడిగాను కూడా. ఇంటికెళ్తే ఇంకొన్ని కప్పులు ఉంటాయని తెలుసు. ఆ సింకుకీ ఈ సింకుకీ మధ్య దారిలో విత్తనాల కొట్టు ఉంది, అందులోకి వెళ్ళాను.

పెరట్లో బట్టలారేసే తీగ పక్కన మంచమంత నేల ఉంది. దాన్ని తవ్వి మడి చేశాను. ఇంట్లో ఎవరూ లేవకముందే వెళ్ళి దాని దగ్గర కూర్చునేదాన్ని. ఈ విత్తనం చూడ్డానికి ఒక్కటే గాని నిజానికి చిన్న గుత్తి, రెండు మూడు మొలకలొస్తాయి. ఒకటి ఉంచి మిగతావి పీకెయ్యాలి. నాకు మనసొప్పేది కాదు, విడదీసి పక్కన నాటేదాన్ని. కోసేటప్పుడు బయటి ఆకులే కొయ్యాలి, కాడని మొదట్లో పట్టుకుని పక్కకి వంచితే విరుగుతుంది. నడిమి చిగురు జోలికి పోకూడదు. అది ఉన్నన్నాళ్ళూ మొక్క ఇస్తూనే ఉంటుంది. అక్కడ కూర్చున్నంతసేపూ నన్నెవరూ పిలిచేవాళ్ళు కాదు. పెళ్ళయ్యాక నా బుర్రలో ఒక ఆలోచన మొదలై చివరిదాకా నడిచిందంటే ఆ మడి దగ్గరే. మిగతా చోట్ల ఆలోచన సగంలో ఉండగానే ఎవరికో మేజోళ్ళు కనిపించవు.

"కొట్లో కూరలు దొరకవా, ఈ మట్టి పిసుక్కోవడం ఏమిటి" అని అత్తయ్య సణిగేవారు. కాడలకి రంగులు తేలాక మా ఆయన ఫోను పట్టుకుని పెరట్లోకొచ్చారు. నిలబడే ఫోటోలు తీశారు, పైనుంచి. వంగితే నడుం పట్టేస్తుందట. వాళ్ళ ఆఫీసు గ్రూపులో మొదట "మా తోట" అని పెట్టారు, పోనుపోను అది "నా తోట" అయింది. పోనీలే, మాట ఆయన ఉంచుకోనీ, పొద్దుటి పూట నాకుంటే చాలనుకున్నాను. తర్వాత దాని మీదా చెయ్యి పడింది. ఫోటోలో గడ్డి కనిపిస్తోంది పీకమనీ, ఆ మూల బోసిగా ఉంది ఎరుపు వెయ్యమనీ కిటికీలోంచి చెప్పేవారు. నేను కూర్చునే చోటు కూడా నాకు అప్పజెప్పిన పనయిపోయింది.

ఆదివారం భోజనాలయ్యాయి. నేను సింకు దగ్గర ఉన్నాను, ఆ కిటికీ పెరట్లోకే ఉంటుంది, అందరూ మడి దగ్గర చేరారు. "ఎంత ఓపికండీ మీకు" అంటోంది మేనేజరు గారి భార్య మా ఆయనతో. "పొద్దున్నే ఓ అరగంట కేటాయిస్తే చాలండీ, మనసు తేలికపడుతుంది" అన్నారాయన. ఆ అరగంట నాది. తేలికపడ్డ మనసూ నాదే. "మీ ఆవిడ సాయం చేస్తారా?" అని అడిగిందావిడ. "తనకి వంటిల్లు దాటితే ఏం తెలీదండీ" అన్నారు, అందరూ మర్యాదగా నవ్వారు. లోపలికొచ్చి "కత్తి ఒకటి ఇలా ఇవ్వు" అన్నారు. పళ్ళు కొయ్యడానికేమో అనుకుని కడిగి, తుడిచి మరీ చేతికిచ్చాను.

ఆయన ఒక్కో మొక్కనీ జుట్టు పట్టుకున్నట్టు పిడికిట పట్టి, మట్టి మొదట్లోకి కత్తి దించి తెగ్గోశారు. చిగురుతో సహా. కట్టలు కట్టి జంటకొకటి ఇచ్చారు. "ఏమండీ, అలా కాదు" అన్నాను గాని, కుళాయి చప్పుడులో అది నాకే వినబడలేదు. మేనేజరు గారి భార్య కిటికీ వైపు తిరిగి, "వంట చాలా బావుందండీ" అంది. "థాంక్సండీ" అన్నాను. ఆ థాంక్స్ తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

వాళ్ళు వెళ్ళాక మడి దగ్గరికెళ్ళి కూర్చుని ఏడ్చాను. మా ఆయన గుమ్మంలో నిలబడి, "ఆకులే కదా, మళ్ళీ రావూ?" అన్నారు.

"రావండీ. నడిమి చిగురు కోసేశారు."

"నాకేం తెలుసు? ముందే చెప్పాల్సింది నువ్వు." లోపలికి తిరుగుతూ, "సరే, మళ్ళీ వెయ్. రంగులొచ్చాక డైరెక్టరు గారిని పిలుస్తాను" అన్నారు.

చీకటి పడుతుండగా అత్తయ్య గోడ పట్టుకుని వచ్చి మెట్టు మీద కూర్చున్నారు. సణుగుతారనుకున్నాను. "నాకు గులాబీలుండేవి" అన్నారు. "వాళ్ళ ఆఫీసరు ఇంట్లో పెళ్ళని మీ మామయ్య కొమ్మలతో సహా కొట్టించి పంపారు."

"మీరేం చేశారత్తయ్యా?"

"ఏం చేస్తాం. మళ్ళీ వేశాను. ఇంకెవరికో కావాలన్నారు, ఇచ్చాను. మళ్ళీ వేశాను." నా వీపు మీద చెయ్యి వేసి నిమిరారు. "నువ్వూ వేసుకో అమ్మాయ్. వస్తాయి."

ఈ ఇంటికొచ్చాక ఆవిడ నన్ను ఓదార్చడం అదే మొదటిసారి. దానికి నేను భయపడ్డంతగా ఆవిడ తిట్లకి ఎప్పుడూ భయపడలేదు. ఆ గొంతులో కోపం లేదు, బాధ కూడా లేదు. ఎప్పుడో ఒకప్పుడు నేనూ ఇలాగే మెట్టు మీద కూర్చుని, ఇంత నెమ్మదిగా, ఇదే మాట ఇంకో పిల్లకి చెబుతానని తెలిసిపోయింది.

మర్నాడు మిగిలిన విత్తనాలని వాడేసిన టీపొడిలో కలిపి చెత్తలో పారేశాను. "వేశావా?" అని అడిగారు మా ఆయన. "వేశాను" అన్నాను.

రోజూ పొద్దున్నే లేచి వెళ్ళి మడి దగ్గర కూర్చుంటున్నాను. ఉత్త మట్టికి నీళ్ళు పోస్తున్నాను, పొడారిపోకుండా చూస్తున్నాను. సంతోషంగా ఏం లేదు. ఆలోచనలు మొదలవుతాయి గాని ఎక్కడికీ వెళ్ళవు. అయితే నీళ్ళు పోస్తున్నంతసేపూ నన్నెవరూ పిలవరు. మా ఆయన నోట్లో బ్రష్షుతో గుమ్మంలోకొచ్చి "ఎంతవరకొచ్చాయి?" అని అడుగుతారు. వస్తున్నాయండీ అంటాను. ఊఁ, బానే ఉన్నాయి అని లోపలికెళ్ళిపోతారు.

నెల దాటింది. ఇంతవరకూ ఎవరూ వంగి చూడలేదు.