సుభాషిణి సిస్టర్ ఎడమ చెయ్యి

ఘాజియాబాద్‌లో ఆ నర్సింగ్ హోమ్ ఇప్పుడు లేదు. ఆ స్థలంలో ఫర్నిచర్ కొట్టు వెలిసింది. ఆ దారిన పోయినప్పుడల్లా మల్లేశం కళ్ళు గేటు ఉండిన చోటునే వెతుకుతాయి.

తొంభై నాలుగులో అతను అక్కడ ఆపరేషన్ గదికి అటెండర్. ట్రాలీ తొయ్యడం, గ్యాసు సిలిండర్లు దొర్లించుకు రావడం అతని పని. ఇంకో పని కూడా ఉండేది. గేటు దగ్గర నిలబడి డాక్టర్ భీమశంకరం గారి నీలం ఫియట్ కోసం చూడాలి. ఆయన మత్తు డాక్టరు. ఢిల్లీ నుంచి యమున బ్రిడ్జి దాటి రావాలి. బ్రిడ్జి మీద లారీలు అడ్డం పడితే గంటయినా కదిలేవి కావు.

"మల్లేశం అన్నా, బ్రిడ్జి దాటారా?" లోపలి నుంచి నర్సు సుభాషిణి అడిగేది.

"ఇంకా రాలే సిస్టరమ్మా."

సర్జను గ్లవ్స్ వేసుకున్న చేతులు పైకి పట్టుకుని విసుక్కునేవాడు. "సిస్టర్, షురూ కరో" అనేవాడు. ఆమె మత్తు ఇవ్వడం షురూ చేసేది. ఫియట్ వచ్చేసరికి పేషెంటు హాయిగా నిద్రపోతూ ఉండేది. భీమశంకరం గారు రిజిస్టర్‌లో సంతకం పెట్టేవారు.

నర్సు మత్తు ఇవ్వకూడదు. డాక్టరు పక్కన నిలబడి అందించాలి, అంతవరకే. ఆ సంగతి ఆ గదిలో అందరికీ తెలుసు. ఆమెకు ఆ పని చేతులు పట్టుకుని నేర్పింది కూడా భీమశంకరం గారే. పదకొండేళ్ళు ఇలాగే నడిచింది. ఒక్క ప్రాణానికీ ముప్పు రాలేదు.

ఆ ఏడు మస్కట్ ఆసుపత్రికి మత్తు విభాగంలో టెక్నీషియన్లు కావాలని పేపర్లో పడింది. సుభాషిణి ఆ ముక్క కత్తిరించి దాచుకుంది.

"ఇక్కడ నాకు పైమెట్టు లేదన్నా. డాక్టర్ని కాలేను. టెక్నీషియన్ అనిపించుకోవడానికి కాగితం లేదు. జుట్టు నెరిసినా ఇదే గౌను, ఇదే జీతం" అంది.

అనుభవం ఉందని డాక్టరు ఉత్తరం కావాలి. 'సొంతంగా మత్తు ఇచ్చింది' అని రాయమని ఆమె అడిగింది. భీమశంకరం గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

"అలా రాస్తే నీకు ఉద్యోగం రాదమ్మా, నాకు ఉద్యోగం ఉండదు."

'నా పక్కన నిలబడి సాయం చేసింది' అని రాసి ఇచ్చారు. ఆమె ఆయనతో వారం రోజులు పని మాటలు తప్ప మాట్లాడలేదు.

ఇంటర్వ్యూ ఢిల్లీలో బేర్ సరాయ్ దగ్గర ఒక మేడ మీద. అటు బస్సులు తనకు తెలీవని మల్లేశాన్ని తోడు రమ్మంది. వరసగా రెండు డ్యూటీలు చేసి ఉన్నా అతను కాదనలేదు. దారి పొడుగునా ఆమె బస్సు కడ్డీని ఎడమ చేత్తో పట్టుకుని, చిటికెన వేలు మాత్రం విడిగా చాపి ఉంచింది. ఆ వేలు ఎప్పుడూ అంతే, పక్కకు వంగి ఉండేది.

గది తలుపు తెరిచే ఉంది. మల్లేశం బయట బల్ల మీద కూచున్నాడు. లోపల తెల్లగడ్డం డాక్టరు ఒకాయన ఉత్తరం చదివి, హిందీలో నిదానంగా అడిగాడు.

"ఎప్పుడైనా డాక్టరు లేకుండా నువ్వే మత్తు ఇచ్చావా?"

మల్లేశం బల్ల అంచుకు జరిగాడు. అవునంటే భీమశంకరం గారి మెడకు చుట్టుకుంటుంది. కాదంటే పదకొండేళ్ళూ గాల్లో కలుస్తాయి.

"లేదు సార్" అంది సుభాషిణి. "డాక్టరు గారు పక్కనే ఉండేవారు."

'ఎన్నడున్నడు పక్కకు! బ్రిడ్జి మీద ఉండె గద' అని మల్లేశం లోలోపలే అనుకున్నాడు.

"అచ్ఛా. మాస్కు ఎలా పడతావో చూపించు." ముసలి డాక్టరు అటూ ఇటూ చూసి, "ఆ బయట ఉన్నతన్ని పిలువు" అన్నాడు.

మల్లేశం చెప్పులు విప్పి, పొడుగాటి టేబుల్ మీద పడుకున్నాడు. గ్యాసు లేదు, గొట్టం లేదు. ఉత్త నల్ల మాస్కు. సుభాషిణి తల దగ్గర నిలబడింది. ఎడమ చేతి బొటనవేలు, చూపుడువేలు మాస్కు మీద, తక్కిన మూడు వేళ్ళు దవడ కింద. చిటికెన వేలు దవడ ఎముక పక్కన ఎక్కడో ఆనింది. అక్కడ కొట్టుకుంటున్న తన నాడి అతనికి ఆమె వేలి కింద తెలిసింది. పదకొండేళ్ళు సిలిండర్ల వైపు నిలబడి చూసిన చెయ్యి. ఇంత తేలిగ్గా ఉంటుందని ఎన్నడూ అనుకోలేదు.

"భయం లేదన్నా. మామూలుగా ఊపిరి తీసుకో." పేషెంట్లతో అనే మాటే.

తర్వాత వినిపించింది నవ్వు. మల్లేశం గురక పెట్టాడట.

"మత్తు లేకుండానే నిద్రపుచ్చావే!" ముసలి డాక్టరు నవ్వు ఆపి ఆమె వంగిన వేలి కేసి చాలాసేపు చూశాడు. "దవడలు పట్టీ పట్టీ వంగిన వేలు ఇది. పక్కన నిలబడిన చెయ్యి కాదు, బేటీ."

సుభాషిణి మాస్కు తుడిచి టేబుల్ మీద పెట్టింది.

"నేను ఏమీ అడగలేదు, నువ్వు ఏమీ చెప్పలేదు" అన్నాడాయన కాగితం మీద సంతకం చేస్తూ. "కానీ అక్కడ డాక్టరు వచ్చేదాకా ఆగాలి. ఆగగలవా?"

"పదకొండేళ్ళుగా ఎదురుచూస్తూనే ఉన్నాను సార్."

తిరుగు బస్సులో మల్లేశం ఉండబట్టలేక అడిగాడు. "గట్ల లేదంటివేంది సిస్టరమ్మా? అంత చేసినవు."

"చేసిన చెయ్యి నా దగ్గరే ఉందిగా అన్నా" అని కిటికీ వైపు తిరిగింది. కాసేపటికి కొంగుతో ముఖం తుడుచుకుంది. అతను చూడనట్టు ఊరుకున్నాడు.

మస్కట్ వెళ్ళే ముందు రోజు భీమశంకరం గారి కాళ్ళకు దండం పెట్టింది. ఆయన ఆమె తల మీద చెయ్యి పెట్టారు.

ఆమె చోటికి కొత్త నర్సు వచ్చింది. మంచి పిల్లే. సర్జను "షురూ కరో" అంటే, "డాక్టరు గారు రానీండి" అనేది.

ఆ తర్వాతి సోమవారం మల్లేశం అలవాటుగా గేటు దగ్గరికి బయల్దేరాడు. ఆపరేషన్‌కు ఇంకా అరగంట టైముంది. నీలం ఫియట్ అప్పటికే చెట్టు కింద ఆగి ఉంది. భీమశంకరం గారు లోపల ఒక్కరే కూచుని, టైము కోసం చూస్తున్నారు.