చెంబెడు తీర్థం

మిరియాల బేరంలో చిట్టియప్పకు ఒకటే సూత్రం: ముందు మాట మనది కాకూడదు. సొంత అన్నతోనూ తొమ్మిదేళ్లుగా అదే పాటించాడు. గట్టు మీది మిరియాల తీగ కోశాడని, వంశమంతా కూడిన చోట అన్న అతన్ని దొంగ అన్నాడు. ఆ మాట వెనక్కి తీసుకుంటే తప్ప ఆ గడప తొక్కనని చిట్టియప్ప భీష్మించుకున్నాడు.

ఏటా కావేరమ్మ ఉబికే తులా సంక్రమణానికి రెండు రోజుల ముందు వదిన బోజమ్మ వచ్చింది.

"మీ అన్నకి ఇక రోజుల్లేవు. పోయేలోగా కావేరమ్మ తీర్థం గొంతులో పడాలి కదా."

"పోయినేటిది ఇంట్లో ఉండాలే."

"ఉంది. వద్దంటున్నాడు. నువ్వు తెచ్చి పోస్తేనే తాగుతాడట."

బేరం అవతలివాడే మొదలుపెట్టాడు, ఇక దిగివస్తాడు అనుకున్నాడు చిట్టియప్ప.

ఏరు పుట్టే తలకావేరిలో మంచు, వాన. ముహూర్తానికి గుండంలో నీళ్లు బుడగలెత్తగానే జనం విరగబడ్డారు. పక్కనున్న చుట్టం నవ్వాడు. "అంత చెంబెందుకు సావుకారూ? ఏటినంతా ఇంటికి తోలుకుపోతావా?"

"ఒక్క నోటికే బావా. ఆ నోరు అంత పెద్దది మరి."

సాయంత్రం అన్న ఇంటి గడప బయట ఆగాడు. ఎదురుగా మంచం కనిపిస్తోంది.

"వదినా, అన్నని పిలవమను, వస్తాను. ఆ మాట తప్పని ఒక్కసారి అంటే చాలు."

"పొద్దుట్నుంచి మాట పడిపోయిందయ్యా. రా, వచ్చి తీర్థం పొయ్యి."

సరుకు చేతికందేదాకా మూగవాళ్లయ్యే మనుషుల్ని ఎందర్ని చూడలేదు తను! కదల్లేదు.

అన్న తల తిప్పాడు. చెంబును చూశాడు. మెల్లగా నోరు తెరిచాడు.

"పొయ్యవయ్యా!" అంది బోజమ్మ.

"ఉండు, అంటున్నాడు."

ఊపిరి బిగబట్టి విన్నాడు. ఏమీ వినపడలేదు. తెరిచిన నోరు మళ్లీ మూతపడలేదు.

బోజమ్మ అరచేత్తో ఆ నోరు మూసింది. ఏడవలేదు. గోడకున్న తుపాకీ తీసుకొచ్చి అతని ముందు పెట్టింది. "రెండుసార్లు పేల్చు. చావు కబురు ఊరికి తెలియాలి. అదైనా చెయ్యి."

చిట్టియప్ప చెంబును గడప పక్కన దించి, వాకిట్లో నిలబడి రెండుసార్లు పేల్చాడు. పొరుగాయన తోటలోంచి పరుగున వచ్చి, నిండు చెంబు చూసి ఆగాడు.

"అయ్యో! తీర్థం పోయలేదా? ఎవరు తెచ్చారు?"

బోజమ్మ మరిది వైపే చూస్తూ నిలబడింది.