సాధు గుర్రం

గాలి పీల్చడం కూడా ఒకరు నేర్పాల్సిన రోజులొచ్చాయి. ఊరి చివర రేకుల షెడ్డులో గుర్రాలు పెట్టుకున్న ఒకావిడ ఆదివారం పొద్దున్నే ఆడవాళ్ళను పోగుచేసి అదే నేర్పేది. అందరూ ఆవిడను టీచరమ్మ అనేవారు. ఎక్కడం, తోలడం ఏమీ లేవు. కంచె లోపల నిలబడి, ఊపిరి మీద ధ్యాస పెట్టి, గుర్రాన్ని దాని మానాన దాన్ని వదిలేయాలి.

"పిలవద్దు, అడగద్దు, అసలు నోరే విప్పద్దు. మీరు నచ్చితే అదే వస్తుంది" అనేది టీచరమ్మ.

నోరు విప్పకుండా నిలబడటమే చదువైతే, బట్టల ఫ్యాక్టరీలో దారాలు కత్తిరించే ఆవిడ ఆ చదువులో ఎప్పుడో పట్టా పుచ్చుకుంది. కుట్టిన చొక్కాలకు వేలాడే పోగులు కత్తిరించి పక్కకు నెట్టడం ఆమె పని. బల్ల దగ్గరివాళ్ళు ఆమెకు 'మూగనోము' అని పేరు పెట్టారు. ఇంట్లోనూ అదే వరస. "మా ఆవిడ సాధువండీ, నోట్లో నాలుక లేదు" అని మొగుడు వచ్చినవాళ్ళందరికీ చెప్పుకునేవాడు, కొన్న ఫ్యాను చప్పుడు చెయ్యదని చెప్పుకున్నట్టు. కొడుకు ఫోను చూస్తూ తినేవాడు, ఫోను చూస్తూ లేచిపోయేవాడు. ఆమె ఒంటిమీద ప్రేమగా ఒక చెయ్యి పడి ఎంతకాలమైందో ఆమెకే గుర్తులేదు. బస్సులో తోపులాట లెక్కలోకి రాదు కదా.

ఆసుపత్రిలో నర్సుగా చేస్తున్న చెల్లెలు ఒకరోజు అక్క ముఖం చూసి గాభరాపడి, స్కూటరెక్కించి షెడ్డుకు లాక్కొచ్చింది.

"గుర్రాలతో నాకేం పనే? ఈ వయసులో పందేలాడమంటావా?"

"నువ్వేం చెయ్యక్కర్లేదక్కా. ఊరికే నిలబడు. అది నీకు బాగా వచ్చుగా!"

నిలబడింది. షెడ్డులో అన్నిటికంటే పెద్దదైన గోధుమరంగు ఆడగుర్రాన్ని అందరూ అమ్మమ్మ అనేవారు. కరవదు, తన్నదు, ఎవరి జోలికీ పోదు. ఆ అమ్మమ్మ తల వేలాడేసుకుని, అడుగులో అడుగు వేసుకుంటూ, తిన్నగా మూగనోము దగ్గరికే వచ్చింది. వచ్చి నుదురు ఆమె గుండెకు ఆనించింది. ఆనించడమంటే మామూలుగా కాదు, బరువంతా మోపింది. ఆమె పడిపోకుండా కాళ్ళు ఎడంగా పెట్టుకుని తట్టుకుంది. వెచ్చటి ఊపిరి పొట్టకు తగిలింది. చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక, చివరికి ఆ చెవుల వెనక పెట్టింది.

"చూశారా! ఎంత నమ్మకమో! ఎంత ప్రశాంతతో!" అంది టీచరమ్మ, కళ్ళు తుడుచుకుంటూ.

"మూగా మూగా బాగానే కుదిరిందే" అని వెనకనుంచి ఎవరో నవ్వారు.

అప్పటినుంచి ఆదివారం కోసమే మిగతా రోజుల్ని ఈడ్చింది. ఆమె చొక్కాల మీద వంగి కత్తెర ఆడిస్తుంటే గుండెమీద ఆ బరువు ఇంకా ఉన్నట్టే ఉండేది. ఇంతమందిని వదిలేసి తననే వెతుక్కుంటూ వచ్చిన ప్రాణి ఒకటుంది. ఆ ఒక్క మాట చాలు, ఆమెకు అన్నం సయించింది, నిద్ర పట్టింది.

గడ్డి మిగిలిపోతోందని మొదట చూసింది కూడా ఆమే. అమ్మమ్మ డొక్కలు లోపలికి పోతున్నాయి. నడుస్తుంటే తూలుతోంది. పోగు మిగిలిన చొక్కాను దూరం నుంచే పట్టే కళ్ళు అవి, వాటికి ఇది కనపడకుండా ఉంటుందా? కనపడింది. చెబితే డాక్టరంటారు, విశ్రాంతంటారు, లోపల కట్టేస్తారు. ఆదివారం పోతుంది. టీచరమ్మ ఎలాగూ మాట్లాడద్దందిగా అని సర్దిచెప్పుకుని, నోరు మూసుకుంది.

ఒక ఆదివారం చెల్లెలు తొందరపెడితే ముందుగా చేరారు. అమ్మమ్మ తన కొట్టంలో గోడకు నుదురు ఆనించి నిలబడి ఉంది. అదే తీరు, అంతే బరువు. మూగనోము కడుపులో మొదట భగ్గుమన్నది అసూయే. గోడకు కూడానా? ఆ తర్వాతే భయం వేసింది.

"మేడమ్... అది గోడకి..."

"ధ్యానంలో ఉందండీ. కదిలించకండి" అని టీచరమ్మ గుసగుసలాడింది.

ధ్యానంలో ఉన్నది ముందరి మోకాళ్ళ మీద కూలబడింది.

పశువుల డాక్టరు వచ్చాడు. నలుగురు పట్టి లేపితే, పెదవి ఎత్తి చిగుళ్ళు చూశాడు. పసుపు ముద్దలా ఉన్నాయి.

"ఇలా తల నొక్కుకోవడం ఎప్పట్నించి?"

"నొక్కుకోవడం కాదు డాక్టరుగారూ, వాలుతుంది. ఈవిడంటే దానికి ప్రాణం" అంది టీచరమ్మ.

"ప్రేమా గీమా కాదమ్మా. కాలేయం చెడి, ఆ విషం తలకెక్కింది. ఆ బాధకి దేనికో దానికి తల అదుముకుంటుంది. గోడ దొరికితే గోడ, మనిషి దొరికితే మనిషి. మేత మానేసిందే, అదైనా ఎవరూ చూడలేదా? కాస్త ముందు చెప్పుంటే మందుకు లొంగేదేమో."

"ఎవరూ ఏమీ అనలేదండీ..." అంది టీచరమ్మ.

ఆడవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మూగనోము నోరు తెరిచింది. చూశాను అన్న ఒక్క ముక్క గొంతు దాకా వచ్చింది. నాలుక కదల్లేదు. నోరు మూసుకుంది.

ఇక బాధపెట్టకుండా సూదిమందిచ్చి పంపించేయడమే మంచిదన్నాడు డాక్టరు. తాడు ఎవరు పట్టుకుంటారంటే అందరూ ఆమెవైపే చూశారు. పట్టుకుంది. అమ్మమ్మ ఎప్పటిలాగే నుదురు తెచ్చి ఆమె గుండెకు అదిమింది. ఈసారి ఆ బరువేమిటో ఆమెకు తెలుసు. పళ్ళ బిగువున ఆపుకుని, తనూ ఎదురు అదిమింది. అంతకుమించి ఇవ్వడానికి ఆమె దగ్గర ఏమీ లేదు. డాక్టరు పక్కకు లాగేదాకా అలాగే ఉంది.

కంచె అవతల టీచరమ్మ అందరిచేతా దీర్ఘంగా గాలి పీల్పిస్తోంది.

తిరిగి వస్తుంటే స్కూటరు నడుపుతూ చెల్లెలు అంది: "ఏడ్చెయ్యక్కా, తేలికవుతుంది. అదృష్టవంతురాలది. నీ చేతుల్లో హాయిగా పోయింది."

"పోయేదాకా హాయిగానే ఉందనుకున్నాంగా."

పక్కనుంచి లారీ హోరుమంటూ పోయింది.

"ఏమన్నావక్కా? వినపడలేదు."

"ఏం లేదు" అంది ఆమె. "ముందు చూసి నడుపు."